పాత కారు మీటర్ల మరమ్మతు గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ పాత కారులో పెట్రోలు మీటరు, టెంపరేచర్ మీటరు రెండూ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతున్నాయనీ, డ్యాష్‌బోర్డు విప్పి వాటిని మరమ్మతుకు పంపాలనుకుంటున్నావనీ వ్రాశావు. దయచేసి కొంచెం ఆగు. ఆ కాలపు కార్లలో మీటరు తనంతట తాను చెడిపోవడం తక్కువ. దానికి కరెంటు తెచ్చే వైరో, తుప్పు పట్టిన ఎర్తో (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి చేరే కలయిక), ఇంజనులోనో ట్యాంకులోనో ఉండి అక్కడి వేడినో మట్టాన్నో మీటరుకు తెలిపే సెండరో పాడవడమే ఎక్కువ. అనవసరంగా విప్పిన మీటరులో సన్నని ముల్లు వంగిందంటే ఉన్న లోపానికి మరొకటి తోడవుతుంది.

ముందుగా ఇగ్నిషన్ తాళం తిప్పి ముల్లును గమనించు. అది చటుక్కున లేవకుండా కొన్ని సెకన్లపాటు నెమ్మదిగా పైకి పాకితే, వేడికి వంగే జంట లోహాల పట్టీతో పనిచేసే రకమన్నమాట. ఈ రకానికి వెనుక సాధారణంగా వోల్టేజి స్టెబిలైజరు అనే చిన్న డబ్బీ ఉంటుంది. లోపలి తీగ వేడెక్కి కాంటాక్టులను మాటిమాటికీ విడదీస్తూ, బ్యాటరీ వోల్టేజి పెరిగినా తగ్గినా మీటర్లకు ఒకే సగటు వోల్టేజి అందించడం దాని పని. అది చాలా బ్రిటిష్ కార్లలో సుమారు 10 వోల్టులు, ఫోర్డ్, క్రైస్లర్ వంటి అమెరికన్ కార్లలో సుమారు 5 వోల్టులు. నీవు చెప్పిన రెండు మీటర్లకూ కరెంటు దాని నుంచే వస్తుంది కనుక, రెండూ కలిసి తప్పు చూపినప్పుడు నా అనుమానం మొదట దానిమీదికే పోతుంది. డబ్బీకి ఎర్త్ అందకపోతే లోపలి తీగ వేడెక్కదు, కాంటాక్టులు విడిపోవు, బ్యాటరీ వోల్టేజి మొత్తం మీటర్లకు చేరి రెండు ముళ్లూ పైకి పోతాయి. కాంటాక్టులు కాలి విడిపోయే ఉంటే రెండూ అసలు కదలవు. అందువల్ల డబ్బీ స్క్రూను విప్పి, అది ఆనే చోట ఉన్న తుప్పునూ రంగునూ ఉప్పు కాగితంతో గీకి, గట్టిగా బిగించి చూడు. పాత స్టెబిలైజరు కరెంటును తెంపి తెంపి ఇస్తుంది కాబట్టి డిజిటల్ మల్టీమీటరులో అంకెలు నిలవవు. అది లోపం కాదు. చిన్న టెస్ట్ లాంపు పెడితే వెలిగి ఆరడం కనిపిస్తుంది.

డ్యాష్‌బోర్డు వెనుక చేయి పెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ వైరును తప్పక తీసెయ్యి. చాలా పాత బ్రిటిష్ కార్లలో బాడీకి కలిసేది పాజిటివ్ కొన కనుక ఏది ఎర్తో చూసి మరీ తియ్యి. అమ్మీటరు (ఎంత కరెంటు పోతోందో చూపే మీటరు) ఉన్న కారులో అయితే ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే స్టార్టరుది తప్ప దాదాపు కారు కరెంటంతా దాని గుండానే పోతుంది; దాని నట్టు వదులైతే వైరు కాలి నిప్పు అంటుకోగలదు.

స్టెబిలైజరు సరిగా ఉండి ఒక్క పెట్రోలు మీటరే తప్పు చూపితే ట్యాంకు దగ్గరకు వెళ్లు. సెండరు వైరు తీసి విడిగా ఉంచితే చాలా కార్లలో ముల్లు ఖాళీ వైపుకు, ఆ వైరును ఎర్త్‌కు తాకిస్తే నిండు వైపుకు వెళుతుంది. జనరల్ మోటార్స్ కార్లలో ఇది తలక్రిందులుగా ఉంటుంది కనుక ముందు వైరింగ్ పటం చూసుకో. ముల్లు కదలగానే ఇగ్నిషన్ కట్టేసి వైరు తీసెయ్యి. ఎక్కువసేపు తాకిస్తే మీటరు లోపలి తీగ కాలుతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు ఇగ్నిషన్ కట్టేసి వైరు కలిపి, తరువాతే తాళం తిప్పు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ కూడా పుట్టకూడదు. ముల్లు సరిగా కదిలితే మీటరు, వైరు బాగున్నట్టే. ఇక మిగిలినవి సెండరు ఎర్త్, అరిగిన రెసిస్టెన్సు తీగ, చిల్లుపడి పెట్రోలు నిండిన ఫ్లోటు (పెట్రోలు మీద తేలే బుడ్డి).

టెంపరేచర్ సెండరు ఎర్త్ దాని మరల ద్వారానే ఇంజనుకు అందుతుంది. లీకు కాకూడదని ఆ మరలకు టేపు దట్టంగా చుట్టినవాళ్లు తెలియకుండానే ఆ ఎర్త్‌ను తెంపుతారు.

ఆయిల్ ప్రెషర్ మీటరు విషయంలో మాత్రం ఊహలు వద్దు. అది సున్నా చూపితే మీటరుదే తప్పు అనుకుని బండి నడపవద్దు. వెంటనే ఇంజను ఆపి, ఆయిల్ మట్టం చూసి, సెండరు స్థానంలో నమ్మకమైన మెకానికల్ గేజి బిగించి అసలు ప్రెషరు తెలుసుకున్న తరువాతే వైర్ల జోలికి వెళ్లు. ఆయిలు అందని బేరింగులు ఎంతోసేపు నిలవవు.

స్పీడోమీటరు ముల్లు ఊగితే కేబులు ఎండిపోయిందనో, ఎక్కడో మెలిక పడిందనో అనుకోవచ్చు. లోపలి తీగను బయటికి లాగి, శుభ్రం చేసి, పలుచగా గ్రీజు పూయి. మీటరు వైపు కొసన మాత్రం కొన్ని అంగుళాలు పొడిగా వదులు, లేకపోతే జిడ్డు మీటరులోకి పాకుతుంది.

స్టెబిలైజరు ఎర్త్ బిగించాక రెండు ముళ్లూ ఎక్కడ నిలిచాయో నాకు వ్రాయి; మీటర్లు విప్పాలో వద్దో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
నీ మేనమామ