సిడ్నీ వదినగారి మాట మెల్‌బోర్న్‌లో చెల్లదు

మెల్‌బోర్న్ శివారు టార్నీట్ నుంచి ఒక చెల్లెలు రాసింది: "అక్కా, మాకు ఈ మధ్యే పీఆర్ వచ్చింది. బాబుకి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంటోంది. ఫోస్టర్ కేర్ కింద ఒక బిడ్డను తెచ్చుకుందామని మా ఇద్దరి ఆశ. సిడ్నీలో ఉండే మా వదిన, రెండేళ్లు పెంచితే దత్తత ఇచ్చేస్తారంది. ఇక్కడ ఏజెన్సీకి ఫోన్ చేసి దత్తత అనగానే, ముందు ఫోస్టర్ కేర్ అంటే ఏంటో తెలుసుకోండన్నారు. ఎవరి మాట నమ్మాలి?"

వదినగారి మాటలో సగం నిజం ఉంది, అదీ సిడ్నీ వరకే. "రెండేళ్లకి ఇచ్చేస్తారు" అన్నది అక్కడ కూడా నిజం కాదు. ఆ రెండేళ్ల లెక్క ఇండియా నుంచి వచ్చిందేమో. 2024లో అక్కడ ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు మార్చి, రెండేళ్లు పెంచిన కుటుంబం దత్తత కోరవచ్చన్నారు. మనకు దేశమంతటికీ ఒకే జువెనైల్ జస్టిస్ చట్టం, దత్తతలు చూసేందుకు కారా అనే ఒకే కేంద్ర సంస్థ. అందుకే ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటాం. కానీ ఆస్ట్రేలియాలో ఆరు రాష్ట్రాలకూ రెండు టెరిటరీలకూ పిల్లల రక్షణ చట్టాలు వేర్వేరు. పదాలు ఒకటే అయినా అర్థాలు మారిపోతాయి.

ముందు ఫోస్టర్ కేర్ సంగతి. ఇందులో బిడ్డ మీ ఇంట్లో ఉంటుంది కానీ బిడ్డ మీద హక్కు మీది కాదు. కోర్టు ఆర్డర్‌ను బట్టి ప్రభుత్వానిదో, కన్నవాళ్లదో, ఇద్దరిదీనో. మొదటి ప్రయత్నం ఎప్పుడూ బిడ్డను తిరిగి అమ్మానాన్నల దగ్గరికి పంపడమే. మీరుండే విక్టోరియా రాష్ట్రంలో దానికి మామూలుగా పన్నెండు నెలలు, కొన్ని పరిస్థితుల్లో ఇంకొంత గడువు ఇస్తారు. అంటే ఆ ఏడాది పొడవునా మీరు కోరుకోవాల్సింది బిడ్డ వెళ్లిపోవాలనే. ఇది జీర్ణించుకోవడం మనవాళ్లకు చాలా కష్టం. "పెంచుకోవడం" అంటే మనకు ఉంచుకోవడమే కదా.

తిరిగి పంపడం కుదరదని తేలాక రాష్ట్రాల దారులు వేరవుతాయి. విక్టోరియాలో అప్పుడు ఎక్కువగా వినిపించే మాట పర్మనెంట్ కేర్. చిల్డ్రన్స్ కోర్టు ఆర్డర్ ఇస్తుంది, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా అమ్మానాన్నల బాధ్యత మీ చేతికి వస్తుంది. స్కూలు, వైద్యం లాంటి నిర్ణయాలు మీవే. కానీ బర్త్ సర్టిఫికెట్ మారదు, ఇంటిపేరు దానంతట అది మారదు, కన్నవాళ్లను కలిసే ఏర్పాటు ఆర్డర్‌లోనే రాసి ఉండొచ్చు. దత్తత అయితే చట్టం దృష్టిలో బిడ్డ పూర్తిగా మీదవుతుంది, ఆ తేడా పద్దెనిమిదేళ్ల తర్వాతా ఉంటుంది. తమాషా ఏమిటంటే 2014లో విక్టోరియా చట్టాన్ని సవరించినప్పుడు, బిడ్డకు ఏ ఏర్పాటు ముందు చూడాలన్న వరుసలో దత్తతనే పర్మనెంట్ కేర్ కంటే పైన రాశారు. ఆచరణలో మాత్రం ఫోస్టర్ కేర్ నుంచి దత్తత ఇక్కడ అరుదు.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ కథ వేరు. 2014 నుంచి అక్కడ చట్టంలో వరుస ఇది: మొదట సొంతింటికి పంపడం, తర్వాత బంధువులకో తెలిసినవాళ్లకో గార్డియన్‌షిప్, ఆ తర్వాత ఓపెన్ అడాప్షన్ (కన్నవాళ్ల వివరాలు దాచని దత్తత), చివరికి మంత్రి బాధ్యతలో ఉంచడం. ఆదివాసీ పిల్లలకు దత్తతను అన్నిటికన్నా చివరన పెట్టారు. దేశంలో పెంచినవాళ్లే దత్తత తీసుకునే కేసులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. అక్కడ కూడా ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లాలి. క్వీన్స్‌లాండ్‌లోనూ 2018 నుంచి పర్మనెంట్ కేర్ ఆర్డర్ ఉంది. పేరు విక్టోరియాదే, చట్టం వేరు. పశ్చిమ ఆస్ట్రేలియాలో దాదాపు ఇలాంటిదాన్నే స్పెషల్ గార్డియన్‌షిప్ అంటారు.

దత్తత పేరెత్తితే ఇక్కడ ఎందుకు ఇంత జాగ్రత్త పడతారో అర్థం కావాలంటే రెండు క్షమాపణలు తెలియాలి. తల్లిదండ్రుల నుంచి లాక్కెళ్లిన ఆదివాసీ పిల్లల తరాలకు 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పెళ్లికాని తల్లుల నుంచి బలవంతంగా దత్తత తీసుకెళ్లిన వ్యవహారానికి 2013 మార్చి 21న అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్ చెప్పారు. ఆ తల్లుల్లో, ఆ పిల్లల్లో ఎంతోమంది ఇంకా బతికే ఉన్నారు. మొదటి ఫోన్‌లోనే మీరు దత్తత అనేసరికి ఏజెన్సీ అమ్మాయి కాస్త బిగుసుకుందంటే ఆశ్చర్యం లేదు.

ఇక మన ఇళ్ల సంగతి. మేం మొదట వారాంతాలకు మాత్రమే బిడ్డను చూసుకునే రెస్పైట్ కేర్‌తో మొదలుపెట్టాం, మీకూ అదే చెబుతాను. ఏజెన్సీ నుంచి ఇల్లు చూడ్డానికి వచ్చినావిడ పూజగది చూసి నవ్వింది, దాని గురించి ఏమీ అడగలేదు. కానీ ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారి గురించి గంటసేపు అడిగింది. ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ పోలీస్ చెక్, పిల్లలతో పనిచేసే అనుమతి కావాలి. అత్తగారికి ఈ సంగతి తెలుగులో చెప్పడానికి నేను పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. "నన్ను పోలీసులు చూడ్డమేంటే" అని రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇండియా ప్రయాణం ఇంకో చిక్కు. ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డ పాస్‌పోర్టు మీ సంతకంతో రాదు, దేశం దాటించాలంటే ముందే అనుమతి కావాలి. తిరుపతి తీసుకెళ్లి గుండు కొట్టించాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. నవ్వకండి, ఈ ప్రశ్న నన్ను నిజంగానే అడిగారు.

ఐటీ ఉద్యోగాల వాళ్లు ఇది మరీ గమనించాలి. కాంట్రాక్టు మారి క్వీన్స్‌లాండ్‌లోని బ్రిస్బేన్ వెళ్తే మీ ఫోస్టర్ కేరర్ అర్హత మీతో రాదు. విక్టోరియా వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఐదేళ్లు చెల్లుతుంది కానీ క్వీన్స్‌లాండ్‌లో అదే పనికి బ్లూ కార్డ్ కావాలి, దానికి మూడేళ్లే. బిడ్డను వెంట తీసుకెళ్లడమైతే మీ చేతిలో లేదు. రెండు రాష్ట్రాల శాఖలూ ఒప్పుకుని ఆర్డర్‌ను బదిలీ చేయాలి. మీ ఆయన ఉద్యోగం ఊళ్లు తిప్పేదైతే, ఫోస్టర్ కేర్‌కు దరఖాస్తు పెట్టేముందే ఏజెన్సీకి చెప్పండి.

డబ్బు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ప్రభుత్వం ఇచ్చే ఫోస్టర్ అలవెన్స్ బిడ్డ ఖర్చులకు. దాన్ని ఆదాయంగా లెక్కించి పన్ను వేయరు.

ఇన్ఫర్మేషన్ సెషన్‌కి మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. బాబుతో ముందు మాట్లాడండి, తన గదినీ అమ్మనూ పంచుకోవాల్సింది వాడే. ట్రైనింగ్, ఇంటికొచ్చి చూడటం, ప్యానెల్ ఇంటర్వ్యూ అన్నీ అయ్యేసరికి నెలలు పడుతుంది. డిసెంబర్లో ఇండియా టికెట్లు బుక్ చేసి ఉంటే ఆ తేదీలు ముందే చెప్పండి, లేకపోతే ట్రైనింగ్ మధ్యలో ఆగిపోతుంది.