పట్టాల కింద కంకర ఎందుకు?

ప్రశ్న: రైలు పట్టాల కింద నున్నటి గులకరాళ్లు కాకుండా పదునైన కంకరే ఎందుకు పరుస్తారు? అది పాడవుతుందా?

జవాబు: గులకరాళ్లు బరువు పడగానే జారిపోతాయి, సుమారు 30 నుంచి 60 మిల్లీమీటర్ల పరిమాణంలో పగలగొట్టిన కంకర మాత్రం ఒకదానిలో ఒకటి చిక్కుకొని, స్లీపర్లను (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలను) పక్కలకు కదలనివ్వకుండా, చక్రాల భారాన్ని కింది మట్టికట్టపై విశాలంగా పంచుతుంది. సందుల గుండా వాన నీరు బయటికి పోవడం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే తడిసి మెత్తబడిన కట్ట ఎంత మంచి పట్టానైనా నిలబెట్టలేదు.

పాడవడం నిజమే. రైళ్ల అదురుకు రాళ్ల అంచులు అరిగి, ఆ రాతిపొడి మట్టితో కలిసి సందులను పూడ్చేస్తుంది. అప్పుడు రైలు వెళ్తుండగా స్లీపర్ల పక్కన బురద నీరు చిమ్ముతుంది. అలాంటి చోట కంకరను యంత్రంతో తవ్వి, జల్లించి, మంచి రాళ్లను తిరిగి పరచి, కొరవపడినంత కొత్తది చేర్చి, స్లీపర్ల కింద గట్టిగా కూరుతారు.