మస్సెల్స్‌ను ఇంట్లో శుభ్రం చేసి వండడం ఎలా?

తెచ్చిన మస్సెల్స్‌లో (రెండు చిప్పల మధ్య మాంసం ఉండే, ఆల్చిప్పల్లాంటి జీవుల్లో) కొన్ని నోరు తెరిచి ఉన్నాయి, వాటిని వండవచ్చా అని అడిగారు. తెరిచి ఉన్నంత మాత్రాన పారవేయనక్కరలేదు. గిన్నె అంచుకు తట్టి రెండు నిమిషాలు గమనించండి. చిప్పలు మెల్లగా దగ్గరకు వస్తే అది బతికే ఉన్నట్టు, కదలకపోతే తీసివేయాలి. పగిలినవి, దుర్వాసన వచ్చేవి అసలే వద్దు.

ఇవి సముద్రజీవులు కనుక మంచినీటిలో నానబెడితే చనిపోతాయి. కుళాయి కింద బ్రష్‌తో రుద్ది, రాళ్ళను పట్టుకోవడానికి అవి అల్లుకునే పీచును చిప్పల అతుకు వైపుకు గట్టిగా లాగి, వండబోయే ముందే తీయండి.

వెడల్పాటి గిన్నెలో వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, అరగ్లాసు నీళ్ళు మరిగాక మస్సెల్స్ వేసి మూతపెట్టి, పెద్ద మంట మీద 4-5 నిమిషాలు ఉడికించాలి. చిప్పల్లోంచి వచ్చే రసమే ఉప్పగా ఉంటుంది కనుక రుచి చూడకుండా ఉప్పు వేయవద్దు. తెరుచుకున్నాక ఇంకా ఉడికిస్తే మాంసం రబ్బరులా సాగుతుంది. చివరికీ తెరుచుకోనివాటిని తినకపోవడమే క్షేమం.

కేరళలోని తలశ్శేరి వైపు వీటిని కల్లుమ్మక్కాయ అంటారు. నానబెట్టిన బియ్యాన్ని కొబ్బరితో రుబ్బి, ఆ ముద్దను చిప్పల్లో కూరి, ఆవిరిపై ఉడికించి, కారం పట్టించి వేయించే అరిక్కడుక్క ఎంతో రుచిగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కడివో తెలియనివి కొనకండి: కొన్ని నాచుల నుంచి వీటిలో చేరే విషాలు ఎంత ఉడికించినా పోవు.