బోర్లా పడుకోకు

పెద్దాపురం

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. మొదటిసారి పదకొండో పేజీ దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే అందులో ఒక వాక్యం గుర్తొచ్చి మళ్ళీ తీశాను. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. అది లేకపోతే "బాగుందమ్మా, రాస్తూ ఉండు" అని వాట్సాప్‌లో ఓ దండం బొమ్మ పెట్టి ఊరుకునేవాణ్ణి.

ముందు విసుగు సంగతి. ఎక్వడార్‌లో, అమెజాన్ అడవుల్లో నాపో నది ఒడ్డున నీ కథలో ఒక మహావృక్షం ఉంది. దాని కింద మన తెలుగమ్మాయి కళ్ళు మూసుకుని కూచోగానే చెట్టు నోరు విప్పుతుంది. "ఓ మానవీ, నీ జాతి చేసిన గాయాలను నా వేళ్ళు మరువలేదు" అని మొదలెట్టి పేజీన్నర చెబుతుంది. తడబడదు, దగ్గదు, మధ్యలో ఒక చీమ కూడా దాని మీద పాకదు. ఆ అడవిలో పుట్టి పెరిగిన చెట్టుకి ఇంత గ్రాంథికం ఎవరు నేర్పారమ్మా?

ఎగతాళి అనుకోకు. నా మొట్టమొదటి కథలో చింతచెట్టు మాట్లాడింది. రాత్రి లాంతరు దగ్గర మా అమ్మకి చదివి వినిపించాను. ఆవిడకి అక్షరం ముక్క రాదు. చింతపండులో పిక్కలు తీస్తూ వింది. అంతా అయ్యాక, "చెట్టు మాట్లాడితే మాట్లాడింది గానీ, అదేంట్రా, అచ్చం నీలాగే మాట్లాడింది?" అంది. రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు నేను. ఆ మాట బుర్రకెక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంకొకటి. ఆ నాపో ఒడ్డున నీ గురువుగారు యానోమామీ తెగవాడు. యానోమామీలు ఉండేది బ్రెజిల్, వెనిజులా సరిహద్దులో. మధ్యలో వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. పల్నాటి పెళ్ళిలో కాశ్మీరు సంతూరు పెట్టినట్టుంది. "అమెజాన్ వాళ్ళు" అనే జాతి లేదు. రూనాలు వేరు, అచువార్లు వేరు, యానోమామీలు వేరు. భాషలు వేరు, దేవుళ్ళు వేరు, పాత పగలు కూడా వేరు.

ఇప్పుడు ఆ వాక్యం. తొమ్మిదో పేజీ చివర, నువ్వు లెక్కచెయ్యకుండా దాటేసిన చోట: "గైడు నన్ను లేపి, బోర్లా పడుకోవద్దన్నాడు. నేను అటు తిరిగి నిద్రపోయాను."

ఇది నువ్వు కల్పించింది కాదని నాకు తెలుసు. కల్పించేదానివైతే దీనికి మూడు విశేషణాలు తగిలించేదానివి. నిజంగా జరిగింది. కానీ ఏం జరిగిందో నీకు తెలియలేదు.

ఎద్వార్దో కోన్ అనే మానవశాస్త్రజ్ఞుడు అదే ఎక్వడార్‌లో ఆవిలా అనే రూనాల ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉన్నాడు. వేటకి వెళ్ళి అడవిలో పాక కింద పడుకోబోతుంటే ఆయనకీ ఇదే చెప్పారు. వెల్లకిలా పడుకో, జాగ్వార్, అదే అక్కడి మచ్చల పులి, వచ్చినా నీ మొహం చూసి, ఇది తిరిగి చూడగల ప్రాణి అనుకుని వదిలేస్తుంది. బోర్లా పడుకున్నావో, నువ్వు దానికి ఐచా. వాళ్ళ కిచ్వా భాషలో ఐచా అంటే మాంసం.

నువ్వు మనిషివా, కూరవా అన్నది అక్కడ నీ చేతిలో ఉన్న సంగతి కాదు. చీకట్లోంచి నిన్ను చూస్తున్నది తేలుస్తుంది. అడవిని చూసి వర్ణించడం మనకి వెన్నతో పెట్టిన విద్య. వనవర్ణన లేని ప్రబంధం ఉందా? అడవి మనల్ని చూడటం వేరే సంగతి. అది ఆ గైడు కుర్రాడి నోట, అర్ధరాత్రి, ఒక్క ముక్కలో నీకు దొరికింది. అటు తిరిగి పడుకున్నావు!

బ్రెజిల్ మానవశాస్త్రజ్ఞుడు వివేరోస్ డి కాస్ట్రో ఈ సంగతినే ఇంకా దూరం లాక్కెళ్ళాడు. అమెజాన్‌లో చాలామంది చెప్పే మాట ప్రకారం జాగ్వార్ తనని తాను మనిషిగానే చూసుకుంటుంది. నెత్తురు దాని కంటికి కర్రపెండలం కల్లు. రాబందు కూడా అంతే, కుళ్ళిన మాంసంలో పురుగులు దానికి కాల్చిన చేపలు. లోపల అందరూ మనుషులే. ఒళ్ళు వేరు కాబట్టి కనపడే లోకం వేరు. "జంతువులకీ మనసుంటుంది" అని నీ కథలో ఉన్న నీతివాక్యం కాదిది. ఇందులో జాలి లేదు. ఎదుటివాడి కంటికి నేను ఏమిటి అన్న భయం ఉంది.

కర్రపెండలం అన్నాను కదా, ఇంకో చురక. నువ్వు "మానియోక్ అనే ఒక విచిత్రమైన దుంప" అని రాశావు. విచిత్రమేమిటమ్మా! మీ తాతగారిది సామర్లకోట పక్కనే అన్నావు. ఇక్కడ సగ్గుబియ్యం మిల్లులన్నీ బతికేది ఆ దుంప మీదే. చిన్నప్పుడు ఉడకబెట్టి, ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం. అది దక్షిణ అమెరికా నుంచి మనకి వచ్చిన చుట్టమే. దాన్ని పుట్టింట్లో చూసి పోల్చుకోలేకపోయావు నువ్వు.

ఆ పుట్టింట్లో దాని వైభోగం చెబుతాను. ఫిలిప్ దెస్కోలా అనే ఫ్రెంచి పండితుడు 1976లో భార్యతో కలిసి ఎక్వడార్‌లో అచువార్ల మధ్యకి వెళ్ళాడు. ఆవిడా మానవశాస్త్రమే. అచువార్లలో తోట ఆడవాళ్ళది. కర్రపెండలం మొక్కలు వాళ్ళకి బిడ్డలు. కడుపున పుట్టిన బిడ్డల నెత్తురు ఈ తోట బిడ్డలు పీల్చేస్తాయన్న భయమూ ఉంది. అందుకే తల్లి వాటికి పాటలు పాడుతుంది, అనెంట్ అంటారు. పైకి పాడక్కర్లేదు, మనసులో పాడుకున్నా మొక్కకి చేరుతుంది. మగవాడు వేటకెళ్ళి బొచ్చుకోతి కోసం అనెంట్ పాడతాడు. కోతికి ఏం వరస కలుపుతాడో తెలుసా? బావమరిది.

నేను ఇరవై ఏళ్ళుగా అందరి బుర్రా తింటున్నది ఈ సంగతే, నువ్వూ విను. అడవి మాట్లాడాలంటే దానికి నోరు పెట్టక్కర్లేదు, వరస పెట్టాలి. ఇంగ్లీషులో "బ్రదర్ ఇన్ లా" అని చదివితే చప్పగా ఏదో కోర్టు కాగితం చదివినట్టుంటుంది. తెలుగులో పెట్టి చూడు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు, పెళ్ళాం అన్నదమ్ములు, అందరూ మనకి ఒకే గూటి వరస. అచువార్లకీ ఇంచుమించు అంతే. మన దక్షిణాది వరసలు చూసి పండితులు దీనికి "ద్రావిడ" పద్ధతి అని పేరు పెట్టారు. అమెజాన్‌లో ఎన్నో తెగల వరసలకీ అదే పేరు వాడుతున్నారు. పారిస్‌లో పండితులు తంటాలుపడి అర్థం చేసుకున్నది నీకు మీ పెళ్ళిపందిట్లో దొరుకుతుంది. దాన్ని వదిలేసి "కాస్మిక్ కనెక్షన్" అని రాస్తావా?

బావమరిది అంటే ఏమిటి? సరసం, పోటీ, ఇచ్చిపుచ్చుకోవడం, పెట్టుపోతల దగ్గర అలక. దాయాది చావు కోరితే బావమరిది బతుకు కోరతాడని మన సామెత. అక్కడ ఆ బతుకు కోరేవాణ్ణే ఊదుగొట్టంలో విషపు ములుకు పెట్టి కొట్టి ఇంటికి తెచ్చుకోవాలి. కాబట్టి అవసరానికి మించి కొట్టకూడదు. చచ్చినదాన్ని వెక్కిరించకూడదు. మళ్ళీ మొహం చూడాలి కదా!

నీ కథలో "అమ్మ" అన్న మాట పందొమ్మిదిసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. అడవితల్లి, అరణ్యమాత, వనజనని. అమ్మ అనేస్తే పని సులువు. అమ్మ పెడుతుంది, ఓర్చుకుంటుంది, చివర్లో క్షమించేస్తుంది. నీ చెట్టూ క్షమించేసింది పాపం. బావమరిది క్షమించడు, లెక్క అడుగుతాడు. పచమామా అంటే భూమాతే కదా, 2008 నాటి ఎక్వడార్ రాజ్యాంగం 71వ అధికరణంలోనే ఉంది కదా అంటావు. ఉంది. అది ముందు ఆండీస్ కొండల పలుకుబడి. నువ్వు రాసింది కొండ దిగాక వచ్చే అడవి గురించి. అక్కడి ఇళ్ళలో ఏమంటారో విని రాయాలి.

చప్పుళ్ళ సంగతికి వద్దాం. ఆవిలాలోనే ఒక తండ్రీ కొడుకూ వేటకెళ్ళారు. గుంపులోంచి తప్పిపోయిన కోతి ఒకటి చెట్టు మీద దాక్కుని కదలడం లేదు. తండ్రి దగ్గర్లో ఉన్న తాటిజాతి చెట్టు ఒకదాన్ని నరికి పడగొట్టాడు. ఆ చప్పుడుకి కోతి బెదిరి ఇంకా పై కొమ్మకి గెంతింది. అంతే కథ. కోతికి ఆ చప్పుడు ఉత్త చప్పుడు కాదు, ఏదో ముంచుకొస్తోందన్న కబురు. కోన్ ఈ ఒక్క గెంతు మీద ఎంతో రాశాడు. కబురు అర్థం చేసుకోవడం మనుషులకే సొంతం కాదని ఆయన వాదన. అడవిలో మాటామంతీ అంటే ఇలా ఉంటుంది. ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వరు.

ఆ కిచ్వాలో "త్సుపు" అని ఒక మాట ఉంది. ఏదైనా నీళ్ళలో పడి లోపలికి పోయే చప్పుడు. దాన్ని ఇంగ్లీషు పాఠకుడికి చెప్పడానికి కోన్ నానా తంటాలు పడ్డాడు. మనకి ఒక్క మాట చాలు, బుడుంగు. నువ్వేమో "నీటిలో ఏదో పతనమైన శబ్దం ఆమె కర్ణపుటాలను తాకింది" అన్నావు. పతనమవడానికి అదేమైనా ప్రభుత్వమా?

నీ తప్పు కూడా కాదులే. ఇది మాకు అంటించిన రోగం. నా చెరువు కథలో ఒక సంపాదకుడు బుడుంగులూ దబ్బులూ తపతపలూ అన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, అంచున "ఇది పిల్లల పత్రిక కాదు" అని రాసి తిప్పి పంపాడు. తిరుగుటపా స్టాంపులు నావే. ఆ వారం ఇంట్లో పాలు మానేశాం. పదిహేనేళ్ళ తర్వాత మ్యాజిక్ రియలిజం, అంటే వింతల్ని మామూలు సంగతుల్లా చెప్పే కథల గాలి వీచింది. అదే మహానుభావుడు, "మీ దగ్గర మాట్లాడే చెట్టు కథ ఏమైనా ఉందా?" అని కార్డు రాశాడు. నా పాత చింతచెట్టుని పంపాను. వేశాడు! అంత చెత్త కథ నా పేరుతో ఇంకొకటి అచ్చవలేదు. ఇప్పుడు పుట్టగొడుగుల దారాల గాలి నడుస్తోంది. చెట్లు వేళ్ళ కింద ఇంటర్నెట్ నడుపుతాయని నువ్వూ ఒక పేరా పెట్టావు. ఆ దారాలు అడవిలో నిజంగా ఎంత పని చేస్తాయన్న దాని మీద శాస్త్రవేత్తలే వాదించుకుంటున్నారు. తేలాక తేలుతుంది. ఐచా అన్న మాటకి ఆ ప్రయోగశాల సాక్ష్యం అక్కర్లేదు. ఆ పేరా తీసెయ్యి.

కోర్టు తీర్పు ఎప్పుడైనా చదివావా? ఎండుగడ్డి నమిలినట్టుంటుంది. అలాంటి ఒక తీర్పులో నీ కథలో లేనిది నాకు దొరికింది. అదే ఎక్వడార్‌లో బొబొనాసా నది మీద సరయాకు అనే కిచ్వా పల్లె ఉంది. ప్రభుత్వం వాళ్ళని అడక్కుండా ఒక కంపెనీని చమురు వెతకనిచ్చింది, అడవిలో 1,400 కిలోలకు పైగా పేలుడు మందు పెట్టారు. ఊరు కేసు వేసింది. 2012 జూన్ 27న అమెరికా ఖండాల మానవహక్కుల న్యాయస్థానం ఊరి పక్షాన చెప్పింది. అంతకు ముందు విచారణలో సాబినో గువాలింగా అనే పెద్దాయన సాక్ష్యం చెబుతూ, మాది బతికున్న అడవి, నేల కింద కూడా ఇక్కడిలాగే జనం ఉన్నారు అన్నాడు. జడ్జీలు నవ్వలేదు, రాసుకున్నారు. కొట్టేసిన ఒక చెట్టు గురించీ తీర్పులో ఉంది. ఆ చెట్టుకి పేరుంది, లిస్పుంగు. అది పోయాక అక్కడి వైద్యుడికి మందులు తెచ్చుకునే శక్తి పోయిందట. నీ మహావృక్షానికి పేరేదమ్మా? అది ఎవరి చెట్టు? పడిపోతే ఎవరింట్లో పొయ్యి ఆరిపోతుంది?

సరయాకు వాళ్ళు తర్వాత కవ్సక్ సచా అని ప్రకటన కూడా చేశారు, 2018లో, కీటో నగరానికి వెళ్ళి మరీ. బతికున్న అడవి అని అర్థం. చదువు. అడవి అంటే బతికున్నవాళ్ళూ, వాళ్ళ మధ్య నడిచే సంభాషణా అంటారు.

నీ యానోమామీ గురువు "ప్రకృతిని ప్రేమించండి" అన్నాడు. నిజం యానోమామీ షమన్, అంటే ఆత్మలతో మాట్లాడే వైద్యుడు ఒకాయన, దావి కోపెనావా, ఏం చెప్పాడో విను. తన భాషలో బ్రూస్ ఆల్బర్ అనే స్నేహితుడికి చెబితే 2010లో ఫ్రెంచిలో అచ్చయింది. అడవి అంచుల్లో పాటల చెట్లు ఉంటాయట. మొద్దు నిండా పెదవులు, అన్నీ కదులుతూనే ఉంటాయి. ఒక పాట అవగానే ఇంకో పాట, పాడిందే పాడవు. షపిరి అనే ఆత్మలు అక్కడికి పోయి పాటలు తెచ్చుకుంటాయి, షమన్ వాటి దగ్గర వింటాడు. చెట్టు పాట చెట్టుదే. నీ పాపాల పద్దు దానికి అక్కర్లేదు. మన పుస్తకాలని ఆయన కాగితపు చర్మాలు అంటాడు. మనం మాట మర్చిపోతామని భయపడి గీసుకుంటాం కదా, అందుకు మన మీద ఆయనకి కొంచెం చులకన. నాకు రోషం రాలేదు. యాభై ఏళ్ళు గీసినవాణ్ణి, ఆమాత్రం పడొచ్చు.

ఇప్పుడేం చెయ్యాలంటే, పద్నాలుగు పేజీల్లో పదమూడు తీసెయ్యి. ఏడుస్తావు, ఏడు. ఆ రాత్రి ఒక్కటే ఉంచు. పాక కప్పు దేంతో వేశారు? వాన పడుతోందా? ఆ కుర్రాడు నిన్ను తట్టి లేపాడా, దూరం నుంచి పిలిచాడా? నువ్వు అటు తిరిగింది వెల్లకిలానా, మళ్ళీ బోర్లానా? నువ్వు రాసినదాన్ని బట్టి తెలియడం లేదు, అక్కడేమో ప్రాణమంతా దాని మీదే ఉంది. నిజంగా నిద్ర పట్టిందా? పట్టిందంటే నేను నమ్మను. మొహం పైకి పెట్టి చీకట్లోకి చూస్తూ పడుకున్నప్పుడు ఎవరికి కనపడుతున్నాననుకున్నావో రాయి. ఏం అనుకోకపోతే, అనుకోలేదనే రాయి.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. మీ అమ్మానాన్నా పెట్టినది పలకడానికి బాగానే ఉంది. మిగతా ప్రశ్నలు మళ్ళీ చూద్దాం, పోస్టు వేళ అవుతోంది. ఫోనులో పంపితే పోయేదానికి ఈ చాదస్తమేమిటని మా మనవడు నవ్వుతున్నాడు.

అన్నట్టు, ఆ కుర్రాడు నిన్ను లేపినప్పుడు ఏమని పిలిచాడు? పేరు పెట్టా, సెన్యోరీతా అనా, లేక వాళ్ళ భాషలో ఏదైనా వరస పెట్టా? గుర్తుంటే ముందు అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు