రక్తంలోని సైటోకైన్లను కొలిచి ఆటోఇమ్యూన్ వ్యాధిని (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే జబ్బును) నిర్ధారించవచ్చా?

ఆ పరీక్ష ఒక్కదానితో నిర్ధారించలేరు. రోగనిరోధక కణాలు పరస్పరం సంకేతాలు పంపుకోవడానికి విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వంటి ఈ ప్రోటీన్లు కీళ్లను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ వ్యాధి రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో పెరిగే మాట నిజమే గాని, ఇన్ఫెక్షన్లలోనూ అవే పెరుగుతాయి. పైగా రక్తంలో అతి స్వల్పంగా ఉండి, త్వరగా క్షీణిస్తాయి. అందుకే ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం తయారుచేసే సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్)ని కొలవడం వైద్యులకు సులభమైన మార్గమైంది. లూపస్ అనే మరో ఆటోఇమ్యూన్ వ్యాధి తీరు వేరు, నిజంగా ఆసక్తికరం కూడా: చాలామంది రోగులలో టైప్-1 ఇంటర్‌ఫెరాన్లు అనే మరో రకం సైటోకైన్ల ప్రభావం బలంగా ఉన్నా, సీఆర్‌పీ తరచుగా అంతగా పెరగదు. ఆ ఇంటర్‌ఫెరాన్లను నేరుగా కొలవడం కష్టం కనుక, అవి రక్తకణాలలో ఉత్తేజపరిచే జన్యువుల చురుకుదనాన్ని పరిశోధకులు పరిశీలిస్తారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వాడే టోసిలిజుమాబ్ అనే మందు ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, ఆ మందు వాడేవారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే కనిపించవచ్చు.