ఫాంటసీ ఫుట్‌బాల్: ఏ సైట్ చూడాలి, ఎవరికి దూరంగా ఉండాలి?

ప్రశ్న: హాస్టల్‌లో పదకొండు మందిమి కలిసి ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో ఒక ప్రైవేట్ లీగ్ పెట్టుకున్నాం. జట్టు మార్చాలంటే శుక్రవారం రాత్రంతా యూట్యూబ్ వీడియోలే. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. ఆఖరికి టెన్షన్‌లో ఎవరినో మార్చేసి నాలుగు పాయింట్లు పోగొట్టుకుంటున్నాను. నమ్మదగ్గ సైట్లు చెప్పండి. (బీటెక్ విద్యార్థి, వరంగల్)

జవాబు: ఆట తెలియనివారికి ముందు రెండు మాటలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్లతో 10 కోట్ల పౌండ్ల ఉత్తుత్తి బడ్జెట్‌లో 15 మంది జట్టు కట్టాలి. ఒకే క్లబ్ నుంచి ముగ్గురికి మించి తీసుకోకూడదు. మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు వస్తాయి, కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు. వారానికి ఒక మార్పు ఉచితం. అంతకు మించి చేసే ప్రతి మార్పుకూ 4 పాయింట్ల కోత.

మీకు పోతున్నవి ఆ నాలుగే. వాడని ఉచిత మార్పులు ఐదు దాకా దాచుకోవచ్చు కాబట్టి, ఏ వారమైనా ఏమీ మార్చకుండా వదిలేస్తే నష్టమేమీ లేదు. సైట్ల సంగతి కంటే ముందు మీకు ఇది చెప్పాలనిపించింది.

ఇక సైట్లు. ఒక్కో పనికి ఒక్కటి చాలు. మొదటిది ఆట అధికారిక సైటే. చాలామంది దాన్ని జట్టు మార్చడానికి తెరిచి వెంటనే మూసేస్తారు. ఆటగాడి పేరు మీద పసుపు లేదా ఎరుపు గుర్తు ఉంటే నొక్కి చూడండి. గాయం ఏమిటి, వచ్చే మ్యాచ్ ఆడే అవకాశం 75 శాతమా, 25 శాతమా అన్నది అక్కడే ఉంటుంది. పెనాల్టీలు, కార్నర్లు ఏ క్లబ్‌లో ఎవరు తీసుకుంటారో చెప్పే పేజీ కూడా అందులో ఉంది. పెనాల్టీలు కొట్టే మిడ్‌ఫీల్డర్ దొరికితే ఎంత మేలో ఒక సీజన్ ఆడినవారికి తెలుసు.

రెండోది అండర్‌స్టాట్. ఉచితం, నాకు బాగా ఇష్టమైన సైట్. ఇందులో చూడాల్సింది ఎక్స్‌జీ అనే అంకె. ఒక షాట్ కొట్టిన చోటు, కొట్టిన తీరును బట్టి అది గోల్ అయ్యే అవకాశం ఎంతో ఇది చెబుతుంది. పెనాల్టీ విలువ 0.8కి కాస్త తక్కువ. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ బయట నుంచి దూరంగా కొట్టిన షాట్‌కు చాలాసార్లు 0.05 కూడా రాదు. ఇద్దరు ఫార్వర్డ్‌లు ఐదేసి మ్యాచ్‌ల్లో మూడేసి గోల్స్ కొట్టారనుకుందాం. ఒకరి ఎక్స్‌జీ మొత్తం 3.4, మరొకరిది 1.1. స్కోర్‌బోర్డు చూస్తే ఇద్దరూ సమానమే. కానీ మొదటివాడికి గోల్ దగ్గర అవకాశాలు వస్తూనే ఉన్నాయి, రెండోవాడికి కాలం కలిసొచ్చింది. నేనైతే మొదటివాడినే తీసుకుంటాను. ఆటగాడి పేజీలో షాట్ల మ్యాప్ ఉంటుంది, చుక్కలు గోల్‌పోస్ట్ దగ్గర గుమిగూడాయో లేదో చూడండి. రెండు నిమిషాల పని.

కప్ మ్యాచ్‌ల వల్ల లీగ్ మ్యాచ్‌లు వాయిదా పడితే కొన్ని క్లబ్‌లకు ఒక వారం ఆట ఉండదు, మరో వారం రెండు ఆటలుంటాయి. వాటిని ముందే పసిగట్టడానికి ఈ షెడ్యూళ్ల లెక్కలకు పేరున్న బెన్ క్రెలిన్ ఆన్‌లైన్‌లో పెట్టే పట్టికలు చూస్తే చాలు. మ్యాచ్‌లు నడుస్తుండగా మీ ర్యాంక్ ఎక్కడుందో లైవ్‌ఎఫ్‌పీఎల్ అనే సైట్ చూపిస్తుంది. ఫాంటసీ ఫుట్‌బాల్ స్కౌట్ అనే సైట్ కూడా మంచిదే కానీ అందులో కొంత భాగానికి చందా కట్టాలి. హాస్టల్ లీగ్‌కు ఆ ఖర్చు అవసరం లేదు.

క్లబ్‌ల మేనేజర్లు (కోచ్‌లు) ఆటగాళ్ల గాయాల సంగతి చెప్పే ప్రెస్‌మీట్లు ఎక్కువగా గురు, శుక్రవారాల్లో ఉంటాయి. అవి అయ్యాకే జట్టు మార్చండి.

ప్రశ్న: చలికాలమంతా శనివారం సాయంత్రం నాలుగున్నర లోపు జట్టు సరిచేసుకునేదాన్ని. ఏప్రిల్‌లో నాలుగింటికి తెరిస్తే గడువు అయిపోయిందంది. ఫోన్ తప్పా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్)

జవాబు: ఫోన్ తప్పు కాదండీ. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి తెస్తారు. గడువు మొదటి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందు. శనివారం మొదటి మ్యాచ్ అక్కడ పన్నెండున్నరకైతే, చలికాలంలో మనకు గడువు 4:30, వేసవిలో 3:30. శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. గూగుల్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టేటప్పుడు టైమ్ జోన్ లండన్ అని ఎంచుకోండి, గంట తేడాను అదే సర్దుకుంటుంది.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒక గ్రూప్ 299 రూపాయలు కట్టి, లాగిన్ ఇస్తే మా జట్టును వాళ్లే నడిపిస్తామంటోంది. ఇవ్వొచ్చా? (విజయవాడ)

జవాబు: ఇవ్వకండి. లైవ్‌ఎఫ్‌పీఎల్‌లో ర్యాంక్ చూడటానికి మీ టీమ్ ఐడీ చాలు, పాస్‌వర్డ్‌తో పని లేదు. అధికారిక సైట్‌లో మీ పాయింట్ల పేజీ తెరిస్తే, పై లింక్‌లో ఎంట్రీ అనే మాట పక్కన ఉండే అంకే ఆ ఐడీ. ఇప్పటికే లాగిన్ ఇచ్చేసి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కూ వాడుతుంటే అక్కడా మార్చండి. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం వద్దు.

ఈ ఆట పూర్తిగా ఉచితం. ఎంట్రీ ఫీజు పెట్టి బహుమతి డబ్బు పంచుతామనే లీగ్‌ల జోలికీ వెళ్లకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది.

ప్రశ్న: పైథాన్ నేర్చుకుంటున్నాను. ఈ ఆట డేటా దొరుకుతుందా? (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: దొరుకుతుందమ్మా, చాలా మంచి ఆలోచన. అధికారిక సైట్ చిరునామా చివర ఏపీఐ, ఆ తర్వాత బూట్‌స్ట్రాప్-స్టాటిక్ అనే దారిలో ఆటగాళ్లందరి వివరాలూ జేసన్ రూపంలో (ప్రోగ్రామ్‌లు తేలిగ్గా చదవగలిగే డేటా పద్ధతి) ఉంటాయి. లాగిన్ అక్కర్లేదు. ధర 75 అని కనిపిస్తే కంగారు పడకండి, అది 7.5 మిలియన్, అంటే 75 లక్షల పౌండ్లు అని అర్థం. గడువు సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటాయి, మన టైమ్ కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. మొదటి అభ్యాసంగా ప్రతి ఆటగాడి మొత్తం పాయింట్లను ధరతో భాగించి, పెద్దవి పైకి వచ్చేలా వరుసలో పెట్టి చూడండి.