బంటు వెనక్కి ఎందుకు నడవదు?

ప్రశ్న: టీచర్ గారూ, మూడు నెలలుగా మా ఆవిడా నేనూ రాత్రిపూట అమెరికాలోని బాల్టిమోర్ నగరపు మత్తుమందు ముఠాలు, పోలీసుల మీద తీసిన 'ద వైర్' సీరియల్ చూస్తున్నాం. నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ మొన్న అయిపోయింది. వీధి మూల మీద నిలబడి ముఠా మత్తుమందు అమ్మే కుర్రాడు బోడీ చచ్చిపోయాక రెండు రోజులు నాకు మనసు బాగోలేదు. చంపడానికి వస్తున్నారని వాడికి తెలుసు. పక్కనున్న స్నేహితుడు పారిపోదాం రమ్మంటాడు. అయినా ఆ మూల వదిలి ఎందుకు కదల్లేదు? మా ఆవిడ "ఒట్టి పొగరు" అంటోంది. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీ ఆవిడ గారి మాట నేను కొట్టిపారేయను. పొగరు ఉంది. అయితే 2006 డిసెంబర్‌లో వచ్చిన ఆ ఎపిసోడ్‌కి జవాబు 2002 జూన్‌లో వచ్చిన మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఉంది.

గుర్తు తెచ్చుకోండి. బాల్టిమోర్‌లో పేదల ప్రభుత్వ ఇళ్లు, వాటి మధ్య ఖాళీ స్థలం, ఒక పాత నారింజ రంగు సోఫా. బోడీ, వాడి తోటి కుర్రాడు వాలెస్ చదరంగం పావులతో చెకర్స్ అనే తేలికైన ఆట ఆడుతుంటారు, చదరంగం పావులతో మనం పులి-మేక ఆడుకున్నట్టు. వాళ్ల మీద పెత్తనం చేసే డియాంజెలో చూసి ఊరుకోలేక అసలు ఆట నేర్పడానికి కూర్చుంటాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా చెన్నైలో వ్యాసార్పాడి వైపు ఒక తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్పాను. పాఠం అంటే అలా చెప్పాలి. పిల్లలకు తెలిసినదాంట్లోంచే మొదలుపెడతాడు. రాజు అంటే ముఠా నాయకుడు ఏవన్, డియాంజెలోకి స్వయానా మేనమామ. మంత్రి అంటే పనులన్నీ చక్కబెట్టే స్ట్రింగర్. ఏనుగు అంటే సరుకు దాచే చోటు, కాపలాతో సహా వారం వారం మారుతుంది. బంట్లు ఎవరో ఆ పిల్లలకు విడిగా చెప్పనక్కర్లేదు. రాజు ఎప్పటికీ రాజే, ఎవరి స్థానం వాళ్లదే అంటాడు. బోడీ మాత్రం ఒక్కటి పట్టుకుంటాడు: అవతలి చివరకు చేరిన బంటు మంత్రి అవుతుంది కదా! తెలివైన బంటు అయితే చేరుతుంది అని వాడి నమ్మకం.

ఆ పాఠంలో ఇంకో మాట ఉంది. బంటు ముందుకే, ఒక్క గడి మాత్రమే. కొట్లాటకైతే ఏటవాలుగా.

మా చెన్నైలో చదరంగం అంటే ఆనంద్, గుకేశ్. 2022లో చెస్ ఒలింపియాడ్‌కని నేపియర్ వంతెనకే నలుపు తెలుపు గళ్లు వేశారు. మా బడిలో ఉన్నవి మాత్రం అంచులు చిరిగిన అట్ట బల్లలు, మూడో నాలుగో. పోయిన పావుల బదులు సీసా మూతలు పెట్టేవాళ్లం. ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగాడు: "టీచర్, గుర్రం వెనక్కి వస్తుంది, ఏనుగు వస్తుంది, రాజు కూడా వస్తాడు. బంటు ఒక్కడే ఎందుకు రాకూడదు?" "అది రూలు" అన్నాను. అంతకన్నా మంచి జవాబు అప్పుడు నా దగ్గర లేదు. ఆ ఏడాది సగంలోనే వాడు బడి మానేసి కాశీమేడు హార్బర్‌లో ఐసు మోయడానికి పోయాడు. బోడీ చచ్చిపోయే ఎపిసోడ్ చూసిన రాత్రి నాకు వాడి ముఖమే కనపడింది.

చనిపోయే ముందు బోడీ పార్కులో పోలీసు మెక్‌నల్టీతో ఏం చెప్పుకున్నాడో మళ్లీ వినండి. పదమూడో ఏట నుంచీ మూల మీద నిలబడ్డాను, లెక్క ఎప్పుడూ తప్పలేదు, సరుకులో చిల్లిగవ్వ దొంగిలించలేదు, చెప్పని పని ఒక్కటీ చేయలేదు అంటాడు. మా కోసం నిలబడాల్సినవాళ్లు ఎక్కడున్నారు అని అడుగుతాడు. అప్పుడు ఆ చదరంగం బల్ల వాడికే గుర్తొస్తుంది. చెప్పిన పని చేయడమంటే ఏమిటో కూడా మనం మర్చిపోకూడదు. వాలెస్‌ని కాల్చినవాళ్లలో బోడీ ఉన్నాడు. వాడి మీద నాకెంత జాలి ఉన్నా ఆ పిల్లాడి ఏడుపు నా చెవుల్లోంచి పోదు.

ఇక పారిపోవడం సంగతి. పారిపోవాలంటే చేరే చోటొకటి ఉండాలి. 1950లో దాదాపు తొమ్మిదిన్నర లక్షల జనం ఉన్న బాల్టిమోర్ 2000 నాటికి ఆరున్నర లక్షలకు పడిపోయింది. ఉక్కు పని, రేవు పని తగ్గిపోయాయి. వీధులకు వీధులు ఇళ్లు పాడుబడ్డాయి. ఆ సీజన్‌లో శవాలు దాచేది అలాంటి ఇళ్లలోనే. పెరంబూరువారు మీకు వేరే చెప్పాలా, పెద్ద బట్టల మిల్లు మూతపడితే చుట్టుపక్కల ఇళ్లలో ఏమవుతుందో? బోడీని పేరు పెట్టి గుర్తుపట్టే చోటు ఆ మూల ఒక్కటే. దాన్ని వదిలితే వాడు ఎవరూ కాడు. నిలబడి ఎదురుగా ఉన్నవాళ్ల మీద కాల్చాడు. వెనక నుంచి వచ్చినవాణ్ణి చూడలేదు.

నన్ను ఇంతకన్నా బాధపెట్టింది వేరే ఉంది. అదే ఎపిసోడ్‌లో ఒక బంటు అవతలికి చేరింది, నేమండ్. ఆ సీజన్ కథ నడిచే నలుగురు బడి పిల్లల్లో వాడు ఎక్కువ మంచివాడూ కాదు, ఎక్కువ తెలివైనవాడూ కాదు. మాజీ పోలీసు అధికారి కోల్విన్ వాణ్ణి తన ఇంటికి తీసుకెళ్లాడు, అంతే. ఆ నలుగురిలోనే ఉన్న రాండీని తీసుకెళ్లాలని పోలీసు కార్వర్ కూడా ఎంతో తిరిగాడు, కుదరలేదు. రాండీ అనాథల హాస్టల్‌కి పోయాడు. బోడీకి పదమూడేళ్లప్పుడు అలా అడిగినవాళ్లు ఎవరైనా కనిపించారా మీకు? నాకు కనిపించలేదు.

ప్రశ్న: టీచర్ గారూ, అదే సీరియల్ మొదటి సీజన్‌లో పేజర్ నంబర్ల కోడ్ నాకు అర్థం కాలేదు. వివరిస్తారా?
– ఒక పాఠకురాలు, కొరట్టూరు

జవాబు: సంతోషంగా. పేజర్ అంటే ఫోన్ నంబర్ వచ్చి చూపే చిన్న పెట్టె; పోలీసులకు అందకుండా ముఠావాళ్లు ఆ నంబర్‌ని మార్చి పంపేవాళ్లు. ఫోన్ బటన్లు చూడండి, నడుమ 5 ఉంటుంది. ఏ అంకెనైనా 5 మీదుగా దూకించి అవతలి అంకె నొక్కడమే. 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6, అటుదిటు కూడా అంతే. 5, 0 ఒకదాని చోట ఒకటి. 5, 0 తప్ప ఏ జత కూడినా పది వస్తుంది, గమనించారా? దీన్ని పట్టుకున్న ప్రెజ్ వీధిలో పనికిరాని పోలీసు. ఆవేశంలో ఒక పిల్లాడి కన్ను పోగొట్టినవాడు. నాలుగో సీజన్‌లో అతనే లెక్కల టీచర్ అయి, పాచికలతో సంభావ్యత నేర్పుతాడు. ఈ సీరియల్ రాసినవాళ్లలో ఎడ్ బర్న్స్ కూడా అంతే, బాల్టిమోర్‌లో డిటెక్టివ్‌గా చేసి తర్వాత అక్కడే బడిలో పాఠాలు చెప్పాడు. ప్రెజ్ క్లాసు మొదటి రోజు గోల చూడండి. నా మొదటి రోజు సరిగ్గా అలాగే ఉండింది.